ఇంటర్‌లో 762, నీట్‌లో 388: బెటర్‌మెంట్ రాయించాలా, లాంగ్ టర్మ్‌లో వేయాలా?

ఏలూరు అమ్మ
అందరికీ నమస్తే. మా పాప ఈ ఏడాది, అంటే 2025లో, బైపీసీ పూర్తి చేసింది. ఇంటర్‌లో 1000కి 762, అందులో గ్రూపు సబ్జెక్టులవి 600కి 431. నీట్‌లో 720కి 388 వచ్చాయి. బయాలజీ 236, కెమిస్ట్రీ 97, ఫిజిక్స్ 55. మేము ఓసీ. రిజల్ట్ వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరి మాట వాళ్ళదే. మా ఆడపడుచు భర్త "ముందు ఇంటర్ మార్కులు పెంచాలి, ఈ మార్కులకి మెడికల్ సీటు ఎవడిస్తాడు, వచ్చే మార్చిలో బెటర్‌మెంట్ కట్టించండి" అంటారు. ఆయన పిల్లలు ఇద్దరూ డాక్టర్లే కాబట్టి ఆయన మాటంటే మా ఆయనకి గురి. ఇంకోపక్క హాస్టల్లో ఉంచి లాంగ్ టర్మ్, అంటే నీట్ మళ్ళీ రాయడానికి ఏడాది కోచింగ్, వేద్దామని మా ఆయనే అంటున్నారు. కిర్గిజిస్తాన్‌లో ఎంబీబీఎస్ అంటూ ఒక కన్సల్టెన్సీ వాళ్ళు రోజూ ఫోన్. పాపని అడిగితే "మళ్ళీ రాస్తా" అంటుంది, అంతే, ఏది రాస్తుందో చెప్పదు, గదిలోంచి రాదు. ఇంటర్, నీట్ రెండూ మళ్ళీ రాయించాలా? ఇంటర్ మార్కులు నిజంగా లెక్కలోకి వస్తాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బాటనీ మాష్టారు
అమ్మా, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పిన అనుభవంతో చెబుతున్నాను. ఎంబీబీఎస్ సీటుకి ఇంటర్ మార్కులు ర్యాంకులో ఒక్క శాతం కూడా కలవవు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఓసీకి 50 శాతం, రిజర్వుడు కేటగిరీలకి 40 శాతం ఉంటే చాలు, అది గేటు మాత్రమే. మీ పాపకి 431 అంటే 70 శాతం పైన, గేటు ఎప్పుడో దాటేసింది. నీట్‌లో ఇద్దరికి సమానంగా మార్కులు వచ్చినా ఇంటర్ మార్కులు తీసి చూడరు. ముందు బయాలజీ మార్కులు, తర్వాత కెమిస్ట్రీ, తర్వాత ఫిజిక్స్, ఆ తర్వాత ఎవరు తక్కువ తప్పులు పెట్టారన్నది చూస్తారు.

మీ బంధువు చెప్పేది అబద్ధం కాదు, పాతది. ఎంసెట్ రోజుల్లో మెడిసిన్‌కి ఎంసెట్ మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులు 25 శాతం కలిపి ర్యాంకు ఇచ్చేవాళ్ళు. అప్పుడు గ్రూపులో 600కి 560 వచ్చిన పిల్లాడు కూడా బెటర్‌మెంట్‌కి కట్టేవాడు. మా స్టాఫ్ రూములో మే నెలంతా ఆ గొడవే ఉండేది. మన రెండు రాష్ట్రాల్లో మెడిసిన్‌కి ఎంసెట్ 2016తో ఆఖరు. 2017 నుంచి నీటే.

కృష్ణలంక
మాష్టారు చెప్పింది కరెక్ట్, కానీ ఒక చిన్న మెలిక. ఆంధ్రాలో ఈఏపీసెట్‌కి, అంటే పాత ఎంసెట్‌కి, ఇంటర్ వెయిటేజీ 25 శాతం కోవిడ్ టైములో తీసేసి మళ్ళీ పెట్టారు. కాబట్టి బీఎస్సీ అగ్రికల్చర్, ఫార్మ్-డి లాంటివి కూడా మనసులో ఉంటే ఇంటర్ మార్కులకి విలువ ఉంది. ఎంబీబీఎస్ తప్ప ఇంకేదీ వద్దనుకుంటే బెటర్‌మెంట్ ఫీజు దండగ. తెలంగాణలో అయితే ఈఏపీసెట్‌కి కూడా వెయిటేజీ లేదు, 2023లోనే ఎత్తేశారు.

రెండో ఏడు దాటినవాడు
నేను లాంగ్ టర్మ్ చేసి గవర్నమెంట్ కాలేజీలో సీటు తెచ్చుకున్నాను, ఇప్పుడు థర్డ్ ఇయర్. అక్కా, ఇంటర్ మళ్ళీ రాయిస్తే జరిగేదేంటో చెప్తా. ఫిబ్రవరి, మార్చి నెలలు నీట్‌కి గ్రాండ్ టెస్టులు ఊపందుకునే టైము. అప్పుడు పిల్ల కూర్చుని ఎనిమిది మార్కుల లాంగ్ ఆన్సర్లు, బొమ్మలు, సంస్కృతం శ్లోకాలు ప్రాక్టీస్ చేయాలా? ఆ రెండు నెలలు పోతే లాంగ్ టర్మ్‌లో సగం ఉపయోగం పోయినట్టే. నా బ్యాచ్‌లో ఒకడు ఇంట్లోవాళ్ళ పోరు పడలేక రెండూ పెట్టుకున్నాడు. ఇంటర్ పెరిగింది, నీట్ తగ్గింది.

పాపకి ఎన్ని రైట్, ఎన్ని రాంగ్ వచ్చాయో ఓఎంఆర్ చూసి చెప్పగలరా? మొత్తం మార్కుల కంటే అదే ముఖ్యం.

ఏలూరు అమ్మ
పాప చేత లెక్క వేయించాను బాబూ. బయాలజీ 65 రైట్, 24 రాంగ్. కెమిస్ట్రీ 28 రైట్, 15 రాంగ్. ఫిజిక్స్ 19 రైట్, 21 రాంగ్. మిగతావి వదిలేసింది. లెక్క వేయడానికి కూర్చున్నప్పుడు చాలా రోజుల తర్వాత నాతో అరగంట మాట్లాడింది.

రెండో ఏడు దాటినవాడు
అంటే 172 పెడితే 112 రైట్, 60 రాంగ్. ఇది చూస్తే నాకు భయం వేయడం లేదు అక్కా, ఆశే కనపడుతోంది. ఫిజిక్స్ సంగతి పక్కన పెట్టండి, 2025 ఫిజిక్స్ పేపరు అందరినీ ఏడిపించింది, ఆలిండియా ఫస్ట్ ర్యాంకుకే 720కి 686. ముందు ఏడాది 720కి 720 ఎంతమందికో వచ్చాయి, 67 మంది అని మొదట ప్రకటించి తర్వాత 17కి దిగారు. కాబట్టి పోయినేడు వాళ్ళ మార్కులు చెప్పి పాపని పోల్చేవాళ్ళ మాటలు చెవిన పెట్టకండి. ర్యాంకు చూడాలి, మార్కు కాదు.

అసలు నష్టం బయాలజీలో జరిగింది. 360కి 236 అంటే ఎన్‌సీఈఆర్‌టీ, అదే సెంట్రల్ సిలబస్ పుస్తకం, లైను లైను చదవలేదని అర్థం. మన వాళ్ళు తెలుగు అకాడమీ పుస్తకం, కాలేజీ మెటీరియల్ చదివి ఎన్‌సీఈఆర్‌టీని ఆఖర్న తిరగేస్తారు. బయాలజీ ఒక్కటి 320కి తెస్తే మిగతా రెండూ కదలకపోయినా 472. ఫిజిక్స్‌లో అద్భుతాలు చేయక్కర్లేదు, 90 దాకా తెచ్చుకుంటే చాలు. ఈ రెండు పనులూ ఒక ఏడాదిలో అయ్యేవే.

గణితం గోపి
60 రాంగ్ అంటే 60 మార్కులు పోయాయి, వదిలేసి ఉంటే 448 వచ్చేవి. నెగెటివ్స్ తగ్గించుకోమనండి ముందు.

తెనాలి కుర్రాడు
గోపీ బ్రదర్, లెక్క అంత సింపుల్ కాదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా నాలుగు ప్రశ్నలకి ఒకటి తగిలితే 4 వచ్చి 3 పోతాయి, నష్టం లేదు. రెండు ఆప్షన్లు కొట్టేసి మిగతా రెండిట్లో ఒకటి పెడితే సగటున ప్రశ్నకి ఒకటిన్నర లాభం. వదిలేస్తే వచ్చేది సున్నా. భయపడి వదిలేసే అలవాటు చేస్తే ఆ 112లోంచి కూడా కొన్ని ఎగిరిపోతాయి.

రెండో ఏడు దాటినవాడు
తెనాలి చెప్పింది లెక్క ప్రకారం నిజమే, పేపరు పెట్టేవాడు మాత్రం లెక్క ప్రకారం పెట్టడు. ఫిజిక్స్‌లో తప్పుగా చేస్తే వచ్చే జవాబునే ఒక ఆప్షన్‌గా ఇస్తాడు, మనకి అదే రైట్‌లా కనపడుతుంది. అందుకే ఫిజిక్స్‌లో 40 పెడితే 21 పోయాయి. ఎంతవరకు రిస్కు తీసుకోవాలనేది టెస్టులు రాస్తేనే తెలుస్తుంది, ముందే రూలు పెట్టుకోలేం. ప్రతి టెస్టు తర్వాత రాంగ్‌లని రాసి పెట్టుకోమనండి: తెలియక పోయిందా, తొందరలో పోయిందా, ప్రశ్న సరిగ్గా చదవక పోయిందా. బయాలజీలో "సరికానిది ఏది" అన్న ప్రశ్నకి సరైనది పెట్టి వచ్చేవాళ్ళు నాకు తెలిసి డజన్ల కొద్దీ ఉన్నారు.

హాస్టల్ వద్దు
ఎవరూ చెప్పని మాట నేను చెప్తా. లాంగ్ టర్మ్ అంటే అందరూ సీటొచ్చినవాళ్ళ ఫోటోలే చూపిస్తారు, ఫ్లెక్సీల మీద. నేను మళ్ళీ మళ్ళీ రాసి చివరికి ఫార్మసీలో చేరిన మనిషిని. విజయవాడ పక్కన ఒక హాస్టల్లో ఉన్నాను, పేరు చెప్పను. పొద్దున్న ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నర వరకు అదే. ఫస్ట్ నెల టెస్టు మార్కులతో సెక్షన్లు విడగొట్టారు. కింది సెక్షన్‌కి పంపిన రోజునుంచి మంచి లెక్చరర్ మా క్లాసుకి రాలేదు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. ఆదివారం పది నిమిషాలు ఫోన్, ఆ పది నిమిషాలూ ఇంట్లోవాళ్ళు మార్కులే అడిగేవాళ్ళు.

మేడమ్, మీ పాప గదిలోంచి రావట్లేదు అన్నారు. ముందు ఆ సంగతి చూడండి. అలా ఉన్న పిల్లని హాస్టల్లో వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

నర్సింగ్ అక్క
పైన తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. పాప సరిగ్గా తినకపోయినా, నిద్రపోకపోయినా, "నా వల్ల మీ డబ్బంతా పోయింది" లాంటి మాటలు అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. టెలీమానస్ అని ప్రభుత్వం వాళ్ళ నంబరు ఉంది, 14416. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మీరు కూడా చేయొచ్చు, పాపే చేయాలని లేదు.

ఏలూరు అమ్మ
చదువుతుంటే గుండె దడదడలాడింది. అన్నం తింటోంది, నిద్ర కూడా పర్లేదు, సిగ్గుపడుతోంది అంతే అనుకుంటున్నాను. అయినా నంబరు రాసుకున్నాను. హాస్టల్ సంగతి మా ఆయనకి మీ పోస్టు చూపిస్తాను బాబూ.

ప్రవాసి నాన్న
కిర్గిజిస్తాన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను, మా అబ్బాయి బయట చదివి వచ్చాడు. 388కి నీట్ క్వాలిఫై అయినట్టే, ఈ ఏడాది జనరల్ కటాఫ్ 144. విదేశాలకి వెళ్ళాలంటే ఆ క్వాలిఫై చాలు, పైగా ఆ స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది. అంటే ఈ ఏడాదే వెళ్ళకపోతే అవకాశం పోతుందని కన్సల్టెన్సీ వాడు అంటే అది వాడి టార్గెట్ కోసం. లాంగ్ టర్మ్ చేసి అప్పటికీ రాకపోతే వచ్చే ఏడాది కూడా ఈ స్కోరుతోనే వెళ్ళొచ్చు. వెళ్ళేముందు రెండు అడగండి. కోర్సు ఇంగ్లీషులో 54 నెలలు పూర్తిగా ఉందా, ఆ దేశంలో ప్రాక్టీసుకి పనికొచ్చే డిగ్రీయేనా. ఈ రెండూ ఎన్‌ఎంసీ, అంటే జాతీయ మెడికల్ కమిషన్, 2021 రూల్స్‌లో ఉన్నాయి. తిరిగొచ్చాక బయట చదివినవాళ్ళకి ఇక్కడ పెట్టే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కి 150 తెచ్చుకోవాలి, అక్కడ ఆగిపోయినవాళ్ళు ఊరికి ఇద్దరు ఉంటారు. మాది అదృష్టం, గట్టెక్కాడు.

కృష్ణలంక
ప్రైవేటు కాలేజీల్లో ఎక్కువ ఫీజు కట్టే బి కేటగిరీ కూడా ఉంది కదా ప్రవాసి గారూ.

ప్రవాసి నాన్న
ఉంది. ఏడాదికి 12 లక్షల పైమాటే. హాస్టలు, పుస్తకాలు వేరే. దానికీ నీట్ ర్యాంకే, మార్కు తక్కువైతే అదీ రాదు.

లెస్టర్ తెలుగమ్మాయి
సరదాగా చదువుతూ వచ్చాను కానీ ఇంటర్ మార్కులు లెక్కలోకి రావు అంటే నాకు నవ్వొచ్చింది, ఇక్కడ బ్రిటన్‌లో పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇక్కడ స్కూలు పరీక్షలే ప్రాణం. ఎ-లెవెల్స్‌లో, అంటే మన ఇంటర్ లాంటి వాటిలో, మెడిసిన్‌కి మామూలుగా మూడు సబ్జెక్టుల్లోనూ ఏ గ్రేడు అడుగుతారు. ఒక్కదాంట్లో బీ వస్తే సీటు పోయినట్టే. మళ్ళీ రాద్దామంటే వచ్చే వేసవి దాకా ఆగాలి, అదీ ఆ సబ్జెక్టు మొత్తం. అన్నిటికంటే దారుణం ఏంటంటే కొన్ని మెడికల్ స్కూళ్ళు మళ్ళీ రాసిన మార్కుల్ని తీసుకోవు, కొన్ని మొదటిసారే కనీసం ఫలానా గ్రేడులు ఉండాలంటాయి. మా కజిన్ కెమిస్ట్రీ మళ్ళీ రాసి ఏ తెచ్చుకున్నాడు, కానీ అప్లై చేసే ముందు ఏ యూనివర్సిటీ రీసిట్ ఒప్పుకుంటుందో వెబ్‌సైట్లన్నీ వెతకడానికే వాడికి నెల పట్టింది. మెడిసిన్‌కి నాలుగు చోట్లకే అప్లై చేయొచ్చు, అక్టోబరు 15 ఆఖరు. యూక్యాట్ అనే ఎంట్రన్స్ స్కోరు కూడా ఆ ఏడాదికే చెల్లుతుంది, మళ్ళీ రాయాల్సిందే. మన దగ్గర ఎన్నిసార్లు రాసినా పాత స్కోరు ఎవరూ అడగరు, అది మాత్రం నిజంగా వరం.

బాటనీ మాష్టారు
అవును. నీట్‌కి ఇన్నిసార్లే రాయాలని లేదు, 2022లో పై వయసు పరిమితి కూడా తీసేశారు. వరమే, కాకపోతే ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. నా వరకు ఒక కొండగుర్తు ఉంది. లాంగ్ టర్మ్‌లో డిసెంబరు నాటికి టెస్టు మార్కులు మొదటి నీట్ కంటే గట్టిగా పెరగకపోతే ఆ ఏడాది పరీక్ష రాయించండి కానీ మూడోసారి మాట మాత్రం ఎత్తకండి.

తెనాలి కుర్రాడు
మాష్టారూ డిసెంబరు మరీ తొందర. చాలామందికి ఫిబ్రవరి తర్వాతే రివిజన్ కుదిరి మార్కులు లేస్తాయి.

బాటనీ మాష్టారు
లేచేవాళ్ళవి డిసెంబరుకే కదలడం మొదలవుతుంది నాయనా. మొత్తం రావాలని నేను అనలేదు.

ఎంపీసీ చదివి పశ్చాత్తాపం
మధ్యలో నాదొక డౌటు. నేను ఎంపీసీ. బయాలజీ లేదు. నేను మళ్ళీ రెండేళ్ళు బైపీసీ చదవాలా?

బాటనీ మాష్టారు
అక్కర్లేదు. 2023 నవంబరులో ఎన్‌ఎంసీ ఒప్పుకుంది, ఇంటర్ పాసయ్యాక కూడా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయొచ్చు. నీలాంటివాళ్ళకి ఇంటర్ పరీక్ష మళ్ళీ రాయడం నిజంగా పనికొచ్చే సందర్భం అదే. ఇంకోటి, గ్రూపులో 50 శాతం రానివాళ్ళు. ఈ రెండూ కానివాళ్ళు బెటర్‌మెంట్ జోలికి పోనక్కర్లేదు. విడిగా థ్రెడ్ పెట్టు, ఇక్కడ అమ్మగారి విషయం పక్కదారి పడుతుంది.

నర్సింగ్ అక్క
ఏలూరు అక్కా, ఏం తేల్చారు?

ఏలూరు అమ్మ
బెటర్‌మెంట్ లేదు. ఆడపడుచు భర్తకి మాష్టారి పోస్టు చదివి వినిపిస్తే "ఎంసెట్ ఎప్పుడు తీసేశారు" అన్నారు, ఆ తర్వాత ఇంకేం అనలేదు. కిర్గిజిస్తాన్ వాళ్ళ నంబరు బ్లాక్ చేశాను. లాంగ్ టర్మ్ ఖాయం, కానీ హాస్టల్ కాదు, ఏలూరులోనే డే స్కాలర్‌గా. వారానికో టెస్టు పెట్టేచోట చేర్చాం. సాయంత్రం ఇంటికి వచ్చి టీ తాగుతూ ఎన్‌సీఈఆర్‌టీ చదువుతోంది, తెలుగు మీడియం దాన్ని కాబట్టి నాకేం అర్థం కాదు, పక్కన కూర్చుంటాను.

పాలమూరు పిల్లోడు
పాత థ్రెడ్ లేపుతున్న, ఏమనుకోకండి. మాది మహబూబ్‌నగర్. మా చెల్లె టెన్త్ దాకా ఇక్కడే చదివి ఇంటర్ విజయవాడలో చేసింది. ఇప్పుడు మెడికల్ సీట్లకి తెలంగాణలో లోకల్ కాదంటున్నరు. ఇంటర్ మళ్ళీ ఇక్కడ ఓపెన్ స్కూల్లో కట్టి రాస్తే లోకల్ అయితదా?

కృష్ణలంక
బ్రదర్, జీవో 33 ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్ళు తెలంగాణలో చదివి, ఇంటర్ అక్కడే పాసై ఉండాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కూడా ఆ రూలుని సమర్థించింది. ఒకసారి పాసైన ఇంటర్‌ని మళ్ళీ రాసినంత మాత్రాన ఆ రెండేళ్ళు విజయవాడలో చదివిన సంగతి మాసిపోదు. మీ నాన్నగారిది ప్రభుత్వ ఉద్యోగమై, ట్రాన్స్‌ఫర్ వల్ల బయట చదివి ఉంటే మినహాయింపు ఉంది, అది చూసుకోండి. లేకపోతే ఆలిండియా కోటా 15 శాతం సీట్లు ఎలాగూ ఉన్నాయి, వాటికి లోకల్ గొడవ లేదు.

పాలమూరు పిల్లోడు
వ్యవసాయం అన్నా మాది. సరే, ఆలిండియా కోటా మీదనే చూస్తం. కోచింగ్ ఎక్కడ తీసుకున్నా ఫరక్ పడదు కదా?

కృష్ణలంక
పడదు. ఇంటర్ తర్వాత కోచింగ్ ఏ ఊళ్ళో చేసినా లోకల్‌కి సంబంధం లేదు.

రెండో ఏడు దాటినవాడు
థ్రెడ్ లేచింది కాబట్టి ఏలూరు అక్కా, మీకొకటి చెప్పడం మర్చిపోయారు అందరూ. ఓసీ అన్నారు, ఆర్థికంగా వెనకబడిన ఓసీలకి ఇచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీశారా? కుటుంబం ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే చూడండి. ఆలిండియా కోటాకి కావలసిన కేంద్రం ఫార్మాట్‌లో అయితే పొలం 5 ఎకరాల లోపు లాంటి షరతులు కూడా ఉంటాయి. ఓసీ కటాఫ్‌కి, దానికి తేడా వచ్చే కాలేజీలు చాలా ఉన్నాయి.

ఏలూరు అమ్మ
మాకు రెండెకరాలే బాబూ, ఆయనది చిన్న షాపు. ఎవరూ చెప్పనేలేదు. రేపే సచివాలయానికి పంపిస్తాను. పాప పోయిన ఆదివారం టెస్టులో బయాలజీ 291.

రెండో ఏడు దాటినవాడు
291 బాగుంది అక్కా, ఫిజిక్స్ కూడా రాయండి తర్వాత. సర్టిఫికెట్ రేపే వద్దు, అది ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, ఇప్పుడు తీస్తే మార్చి 31తో అయిపోతుంది. కాగితాలు సిద్ధం చేసుకుని ఏప్రిల్ మొదటి వారంలో పెట్టండి. ఈలోపు ఆధార్‌లో పాప పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో సరిపోయాయో లేదో చూసుకోండి, ఫారం నింపే టైములో అందరూ పరిగెత్తేది దానికోసమే.